చెప్పుల కొలతతో తెప్పించిన ర్యామ్

ఆ రోజుల్లో మా కోరుట్ల నుంచి దుబాయి పోయే మనిషి సంచి విప్పి చూస్తే, పచ్చడి సీసాల కింద ఒక పాదాల కట్ట దొరికేది. కాగితం మీద పిల్లల కాళ్ళు పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తిరించి, మీద పేర్లు రాసిన కొలతలవి. ఆ కాగితాన్ని పట్టుకుని అక్కడి తండ్రులు శుక్రవారం సెలవు పూట చెప్పుల దుకాణాలు తిరిగేవాళ్ళు. పిల్లల మొహాలు చూడక రెండేళ్ళైనా వాళ్ళ పాదాలు ఎంత పెరిగాయో మాత్రం వేలితో తడిమి చెప్పేవాళ్ళు. మా వాడకట్టులో ఆ కొలతలు గీయడానికి అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎందుకంటే పెన్సిలును నిలువుగా పట్టాలన్న సంగతి నాకొక్కదానికే పట్టింపు. పెన్సిలు వంచి గీస్తే పాదం లావవుతుంది, దుబాయి నుంచి వచ్చిన చెప్పు నడుస్తుంటే టపటప కొట్టుకుంటుంది. నేను గీసిన కొలతకు వచ్చిన చెప్పు ఒక్కటీ వదులు కాలేదు, ఒక్కటీ కరవలేదు. (ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.) ఆ గర్వమే నన్ను కంప్యూటర్ దగ్గర ముంచింది. మళ్ళీ అదే ఒడ్డుకు చేర్చింది కూడా.

కంప్యూటర్ అంటే నా బతుకుదెరువు. వయసు నలభై దాటినా ఆ పనిలో నేను ఏడాది పసిదాన్ని. మా ఆయనది దుబాయిలో తాపీ పని. ఆ ఏడు వాళ్ళ కంపెనీ జీతాలు ఒక నెల ఇచ్చి ఒక నెల ఆపేస్తోంది. ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోలేక, ఎప్పుడో పాసైన తెలుగు టైపింగ్ పరీక్షను నమ్ముకుని, బస్టాండు వెనకున్న మా ఇంట్లోనే, ముందరి చిన్న గదిలో కంప్యూటర్ పెట్టాను. దుకాణంలో పెట్టెతో సహా రెడీమేడ్‌గా అమ్మే కంపెనీ కంప్యూటర్ అది. గల్ఫ్ పోయేవాళ్ళ బయోడేటాలు, పెండ్లి పత్రికలు టైపు చేసేదాన్ని. అక్షరాల వరకు అది బుద్ధిగానే పనిచేసేది. ఫోటో తెరిచామా, తెర మీద ఇసుక గడియారం బొమ్మ వచ్చేది. టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఆ ఇసుక గడియారం అక్కడే ఉండేది.

సరిగ్గా అప్పుడే హైస్కూలు పెద్దసారు కబురు పెట్టారు. బడి పిల్లలందరికీ ఫోటోలతో గుర్తింపు కార్డులు కావాలట. నెల గడిచాక వచ్చే మంగళవారం నమూనా కార్డు చూపిస్తే పని నాకే ఇస్తామన్నారు. ఒకసారి కుదిరితే ఏటా వచ్చే పని. ఇటు మా ఆయన మరో రెండేళ్ళ అగ్రిమెంటు మీద సంతకం చేస్తాడో లేదో ఆ నెలాఖరులోగా కంపెనీకి చెప్పాలి. "కార్డుల పని మనకు దొరికితే సంతకం పెట్టకు, అచ్చెయ్" అన్నాను ఫోనులో. "దొరుకుతదా?" అన్నాడు ఆయన. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

అసలు ఫోటోలకు ర్యామ్, అంటే కంప్యూటర్ జ్ఞాపకశక్తి, చాలడం లేదని పెద్దసారే మొదట చెప్పారు. మా ఆయనకు ఆ సంగతి అప్పుడే చెబితే, "గా ర్యామ్ ఇక్కడ శుక్రవారం బజార్ల గుట్టలుగ ఉంటది. కొలత పంపు, తెస్త" అన్నాడు. కొలత అనగానే నా ప్రాణం లేచొచ్చింది. అయితే కంప్యూటర్ డబ్బా వెనక ఒక స్టిక్కరు ఉంది, చింపితే గ్యారంటీ పోతుందని. గ్యారంటీ ఇంకా నాలుగు రోజులు ఉంది. తారీకులు తప్పే మనిషిని కాదు కనుక ఆ నాలుగు రోజులూ ఆగాను. ఐదో రోజు పొద్దున స్నానం చేసి వచ్చి స్టిక్కరు చింపాను. ర్యామ్ అంటే ఏదో పెద్ద యంత్రం అనుకున్నాను గానీ, తీరా చూస్తే దువ్వెన అంత పలక, రెండు పక్కల తెల్లటి చెవులు పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని తీసి, కాగితం మీద పెట్టి, పెన్సిలు నిలువుగా పట్టి చుట్టూ గీశాను. టేపుతో పొడుగు, ఎత్తు కొలిచి పక్కన రాశాను. కింది అంచున రెండు చిన్న గాట్లు కనిపించాయి. అచ్చు పోసేటప్పుడు విరిగాయేమో అనుకుని, అక్కడ పెన్సిలు ఆపకుండా గీత తిన్నగా లాగాను. పిల్లవాడి పాదం గీసేటప్పుడు గోరు మూలను వదిలేస్తాం కదా, అట్లా.

ఆ కాగితం సెలవు ముగిసి తిరిగిపోతున్న ఎదురింటి మనిషి సంచిలో పోయింది. మూడో వారంలో సెలవు మీద వచ్చిన రాయికల్ మనిషి చేతిలో ర్యామ్ వచ్చింది, దూదిలో చుట్టి, ఖర్జూరం డబ్బాలో. పాతదాని పక్కన పెట్టి చూశాను. పొడుగు వెంట్రుకవాసి తేడా లేదు. "చూసినవా!" అన్నాను మా తమ్ముడితో.

మా తమ్ముడిది సిరిసిల్ల. సాంచాలు నడిపిన చెయ్యి వాడిది. అక్కడ మర మగ్గాలను సాంచాలంటారు. ఆ ఏడు సిరిసిల్లలో సాంచాల చప్పుడు తగ్గిపోయింది, వాడు పనిచేసే షెడ్డుకు తాళం పడింది. వాడితో మగ్గం నేర్చుకున్నవాళ్ళు కొందరు మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి బస్సెక్కారు. వాడూ ఎక్కుతానంటే, ఓ నెల మా ఇంట్లో ఉండి పొమ్మని తెచ్చుకున్నాను. ఉన్నాడు గానీ పనిలేని చేతులు ఊరుకుంటాయా? వెంట తెచ్చుకున్న ఆకురాయితో మా ఇంట్లో ఉన్న ప్రతి ఇనుప వస్తువునూ రాకాడు. కిటికీ గడియ రాకాడు, అది వదులై గాలికే తెరుచుకునేది. ట్రంకు పెట్టె కొండీ రాకాడు, అది ఇక పడనే లేదు. ఏదైనా కొంచెం బిగుతుగా ఉందంటే చాలు, వాడి కళ్ళు మెరిసేవి.

కొత్త ర్యామ్‌ను గాడిలో పెట్టి నొక్కాను, దిగలేదు. తమ్ముడు నొక్కాడు, దిగలేదు. ఇద్దరం కలిసి నొక్కితే కింద ఉన్న పచ్చ పలక వంగినట్టైంది, భయపడి వదిలేశాం. వాడు టార్చి లైటు వేసి, రెండు ర్యాములూ పక్కపక్కన పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు.

"అక్కా, పాతదానికి రెండు గాట్లున్నయ్. కొత్తదానికి ఒక్కటే, అదీ వేరే కాడ. గాడిల రెండు గడ్డలున్నయ్ సూడు, గవి అడ్డం పడుతున్నయ్."

నా పెన్సిలు ఎక్కడ తిన్నగా పోయిందో అప్పుడు గుర్తొచ్చింది. తమ్ముడు మాత్రం సంబరంగా లోపలికి పోయి ఆకురాయి తెచ్చాడు.

"గింతకే రంది వెట్టుకుంటవా? కొత్తదానికి రెండు గాట్లు పెట్టి, ఉన్న గాటు మూసేస్త. సాంచాలల్ల షోలాపూర్ సామాను సూరత్ సామానుతోని ఎన్ని కలపలే! రాకితే పట్టనిది ఉండదక్కా."

"ఆగురా! పట్టకుండ ఉండాలనే గాటు పెట్టిండ్రేమో!"

"ఎవలన్న పట్టద్దని పెడ్తరా?"

"తాళంచెవికి పండ్లు ఎందుకుంటయ్ మరి? వేరే ఇంటి తాళంచెవి రాకి మనింట్ల తాళానికి పెడ్తవా?"

వాడు తల గోక్కున్నాడు. "మొన్న పెట్టిన గదక్కా. నీ బీరువాకు."

బీరువా సంగతి తర్వాత తేల్చుకుందామని ఆకురాయి గుంజుకున్నాను. (దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. రెండో రోజే కనుక్కున్నాడు.) ఆ పూట అన్నం తింటూ ఆలోచిస్తే నాకు ఒకటి తెలిసింది. పాదానికి పొడుగు చాలు, ఎందుకంటే పాదం మెత్తన, చెప్పు సాగుతుంది. ఇది సాగేది కాదు, సర్దుకునేది కాదు. తప్పు వస్తువు లోపలికి పోకుండా అది ముందే చెబుతోంది, నేనే వినలేదు. అంటే ఇకమీద కొలవాల్సింది వస్తువును కాదు, అది కూర్చునే చోటును. చోటు నా ఇంట్లో ఉంది, వస్తువులు జగిత్యాల కొట్లలో ఉన్నాయి. కనుక చోటునే జగిత్యాల తీసుకుపోవాలి.

శుక్రవారం ఫోన్ వచ్చింది. "పట్టిందా?" అన్నాడు మా ఆయన.

"పొడుగు పట్టింది."

"గదేంది?"

"మంగళవారం దాక ఆగు. సంతకం మాత్రం పెట్టకు."

సోమవారం పొద్దున ఆ డబ్బాను దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. తమ్ముడు పక్క సీట్లో. గుంతలు వచ్చినప్పుడల్లా ఇద్దరం డబ్బాను గాలిలోకి ఎత్తేవాళ్ళం. కండక్టరు వచ్చి దుప్పటి వైపు అనుమానంగా చూశాడు.

"ఏందమ్మా, కోళ్ళ గంపనా?"

"కంప్యూటర్."

"గట్ల ముసుగేసి తీస్కపోతున్నవు, పానం బాగలేదా?"

"జ్ఞాపకశక్తి తక్కువున్నది నాయినా, జగిత్యాల దవాఖానకు తీస్కపోతున్న" అన్నాడు తమ్ముడు. బస్సంతా నవ్వింది. ధర్మపురి పోతున్న ఒక ముసలాయన మాత్రం నవ్వకుండా, "రోజు పొద్దుగాల బాదం గింజలు వెట్టుండ్రి" అని నిజంగానే చెప్పాడు.

జగిత్యాలలో నేను పోయింది పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకు. కొట్టాయన ముక్కు చివర కళ్ళద్దాలు పెట్టుకుని, మా డబ్బాను చూసి పెదవి విరిచాడు. "కంపెనీ పెట్టె అమ్మా ఇది. మన సామాను అన్నీ పట్టయ్. కొత్తది తీస్కోరాదు?"

"పట్టేటివి ఏవో సూపియ్యి, పట్టనివి నేనే చెప్త" అన్నాను.

దుబాయి ర్యామ్ చేతిలో పెట్టగానే ఆయన కళ్ళద్దాలు పైకి జరిగాయి. అది కొత్త రకమట, ఆ ఊళ్ళో అప్పటికి అంతగా దొరకడం లేదట. అది ఆయన తీసుకుని, మాకు పట్టే పాత రకం ఇచ్చేట్టు మాట కుదిరింది. ఆయన తెచ్చిన పలకకు రెండు గాట్లు ఉన్నాయి. గాడి పక్కన పెట్టి చూశాను, గాటుకు గడ్డ సరిపోయింది. పాతదాని పక్క గాడిలో పెట్టి నొక్కితే టక్కుమని దిగింది, తెల్ల చెవులు వాటంతటవే లేచి పట్టుకున్నాయి. తమ్ముడు నా భుజం తట్టాడు. "అయిపోయింది గదమ్మా, మూసేయనా?" అన్నాడు కొట్టాయన.

ఒకసారి పొడుగు నమ్మి మోసపోయాను, ఇప్పుడు గాటు నమ్మితే ఎట్లా? "నడిపి సూపియ్యి" అన్నాను. ఆయన తీగలు తగిలించి స్విచ్చి వేశాడు. నల్లటి తెర మీద, ర్యామ్ ఎంతుందో పెట్రోలు బంకు మీటరులాగా అంకెలు పరుగెత్తాయి. పాతది అరవై నాలుగు, కొత్తది రెండువందల యాభై ఆరు. కలిపితే మూడువందల ఇరవై రావాలి. అంకె నూట తొంభై రెండు దగ్గర ఆగింది.

"సగం ఎటు పోయింది?" అన్నాను.

"నడుస్తుంది గదమ్మా!"

"నడుస్తుంది. కొత్తదాంట్ల సగమే లెక్కవెట్టింది. తక్కింది మీ కొట్టులనే ఉండిపోయిందా?"

ఆయన తెర చూశాడు, వేళ్ళ మీద కూడాడు, ఫక్కున నవ్వాడు. "నీతోని కష్టమే అమ్మా. ఈ పెట్టె పాత రకంది, అంత పెద్ద పలకను పూర్తిగ చదవదు. చిన్నవి రెండు వేస్తే చదువుతది." మా పాతదాన్ని కూడా తీసేసి, ఉన్న రెండు గాడుల్లో నూట ఇరవై ఎనిమిదివి రెండు పెట్టాడు. స్విచ్చి వేశాడు. తమ్ముడు, నేను, ఆయన, ముగ్గురం తెర మీదికి వంగి చూస్తుంటే అంకె పోయి పోయి రెండువందల యాభై ఆరు దగ్గర నిలబడింది. "ఇగ ఇంటికి పోతరా?" అన్నాడు. ఇంకోసారి ఆపి వేయించి, అదే అంకె వచ్చాకే లేచాను.

ఇంటికి రాగానే ఫోటో తెరిచాను. ఇసుక గడియారం కనిపించీ కనిపించకముందే బొమ్మ వచ్చేసింది. నమూనాకు చేతికందిన ఫోటో తమ్ముడిదే, భివండి పోవడానికని దిగింది. దాన్నే పెట్టి, కింద పదో తరగతి అని టైపు చేసి, మంగళవారం బడికి తీసుకుపోయాం. పెద్దసారు కార్డును వెనకకూ ముందుకూ తిప్పి, గుబురు మీసాలను చూసి, తర్వాత గుమ్మంలో నిలబడ్డ తమ్ముణ్ణి చూశారు. "పిల్లగాడు ఎన్నిసార్లు ఫెయిలయిండమ్మా?" అన్నారు. పని మాకే ఇచ్చారు. తమ్ముడు భివండి బస్సెక్కలేదు. కార్డులకు ప్లాస్టిక్ వేసి, మూలలు గుండ్రంగా రాకే పని వాడిది. ఆ ఆకురాయికి చివరికి తగిన చోటు దొరికింది.

అగ్రిమెంటు మీద సంతకం పెట్టకుండా మా ఆయన వచ్చేశాడు. వచ్చిన రోజు భోజనం అయ్యాక పర్సులోంచి మడతలు పడ్డ కాగితం తీసి నా ముందు పెట్టాడు. నేను గీసిన ర్యామ్ కొలత. ఆ బజారులో ఒక్కో పలకనూ ఈ కాగితం మీద పెట్టి చూస్తుంటే దుకాణం వాళ్ళు నవ్వారట, ఇట్లా కొనరు అన్నారట. "మా ఆమె కొలిస్తే తప్పదు అని చెప్పిన" అన్నాడు.

"తప్పింది గద."

"పొడుగు తప్పలే. గాటు చెప్పలే, గంతే."

నేను లేచి పెన్సిలు తెచ్చాను. నిలువుగా పట్టుకుని, తిన్నగా పోయిన ఆ గీత మీద ఉండాల్సిన చోట రెండు గాట్లు పెట్టాను, పక్కన ఎడం ఎంతో కొలిచి రాశాను. ఆయన చూసి, "ఇంక ఎవలకు పంపుతవే దీన్ని?" అని నవ్వాడు. నిజమే, ఆ కొలత మళ్ళీ ఎవరికీ పంపాల్సిన పని పడలేదు. ఆయన మళ్ళీ విమానం ఎక్కలేదు, మేమిద్దరం ముసలివాళ్ళమయ్యాం, ఆ కంప్యూటర్ ఎప్పుడో పాత సామానులో పోయింది. అయినా దేన్నీ సగం గీసి వదిలేయలేని ఆ నలభై ఏళ్ళ ఆడమనిషి, అంత సంబరం నడుమ కూడా తప్పు గీత దిద్దుతూ కూర్చున్న తీరు గుర్తొస్తే, ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. దిద్దకుండా ఉంటే మాత్రం నాకు నిద్ర పట్టేది కాదు.