చేతికియ్యని చాకు

ఆళ్లగడ్డ బడిలో నాతో పనిచేసిన డ్రాయింగు సారుకు పాత మడత చాకులంటే పిచ్చి. ఆదివారమైతే నంద్యాలలో పాత ఇనుప సామాను అంగళ్ల ముందు కూర్చునేవాడు. కొమ్ము పిడివి, ఇత్తడి పిడివి ఏరి తెచ్చి, తుప్పు వదిలించి, నూనె పూసి దాచేవాడు. వాటితో ఏదీ కోసేవాడు కాదు. పెన్సిలు కూడా బ్లేడుతోనే చెక్కేవాడు. చాకు మూసేటప్పుడు మాత్రం చెవి దగ్గర పెట్టుకొని ఆ ‘టక్’ వినేవాడు.

చూస్తానంటే చేతికిచ్చేవాడు కాదు. బల్ల మీద పెట్టి, “తీసుకోప్పా. చేతికిస్తే మనిద్దరికీ పగొస్తాది” అనేవాడు. నేను లెక్కలు చెప్పేవాణ్ని. నాకు నవ్వొచ్చేది.

తొంభైల్లో ఫ్యాక్షన్ గొడవలని నంద్యాల దారిలో పోలీసులు బస్సులు ఆపి సోదా చేసేవాళ్లు. ఒకసారి ఇద్దరం నంద్యాల నుంచి వస్తున్నాం. సంచిలో ఏందని కానిస్టేబుల్ అడిగితే ఈయన చాకు బయటికి తీశాడు. ముందు సీటాయన లేచి పక్కకు జరిగాడు. కానిస్టేబుల్ చెయ్యి చాచాడు. ఈయన దాన్ని సీటు మీద పెట్టాడు.

“చేతికియ్యకూడదు సార్.”

కానిస్టేబుల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాకును సీటు మీంచే ఎత్తుకొని, తిప్పి చూసి, మళ్లీ సీటు మీదే పెట్టి దిగిపోయాడు.

చాలా ఏళ్లకు ఆయన్ను నంద్యాల ఆసుపత్రిలో చూడ్డానికి పోయాను. బాగా చిక్కిపోయాడు. దిండు కిందినుంచి కొమ్ము పిడి చాకు తీశాడు. ఎప్పటిలాగే కింద పెడతాడని మంచం పక్కనున్న స్టూలు జరిపాను. ఆయన నా చెయ్యి పట్టుకొని అరచేతిలో పెట్టాడు.

“పగొస్తాది సార్” అన్నాను.

“రానీలేప్పా. నీతో కొట్లాడేంత టయిమ్ నాకింక యాడుంది.”