బయటికి పోయిన బంతి

మొన్న సోమవారం పొద్దున కౌకూరు నుంచి సైకిల్ మీద ఒకాయన వచ్చి, దిగకుండనే కాలు నేలకు ఆనిచ్చి చెప్పిండు: "మీ డ్రిల్లు సారు పోయిన్రు." రెండు దినాల ముందే మేడ్చల్ మైదానంల మా ఆట జూసి, ఎప్పటిలెక్కనే తిట్టిన్రాయె!

సారు బడిల పిల్లలకు కవాతు నేర్పేటోరు. సాయంత్రమైతే మా పెద్దోళ్ల వాలీబాల్ జట్టు కాడికి వచ్చేటోరు. శామీర్‌పేట చెరువుల పాతబడ్డ చేపల వలనే మాకు నెట్టు. రెండు గుంజలకు కట్టినా నడుమ జానెడు కిందికి జారి ఉండేది. మేమంత ఆ జారిన జాగకెల్లే కొట్టుడు నేర్చినం. అది తప్పని మాకేం తెలుసు?

తెలిసింది బొల్లారంల, మిలిట్రీ పల్టనోళ్ల మీద పోటీ ఆడంగ. పల్టనోళ్ల వల ఈ కొస నుంచి ఆ కొస దాక బిగిసి ఉంది. నేను ఎగిరి, అలవాటైన తీరుగనే నడిమిట్ల కొట్టిన. బంతి వలకు తగిలి నా కాళ్ల కాడనే పడ్డది. ఒక్కసారి గాదు, నాలుగుసార్లు. గెలిచే ఆట చేతులార పోగొట్టిన. మావోళ్లు ఒక్కలు నా దిక్కు జూడలే. సారు మాత్రం అందరి ముందట, "వాన్ని ఏమనకుండ్రి. మన వల జారగట్టింది నేను, తప్పు నాది" అన్నరు.

తెల్లారి వల విప్పి, మోకు పెట్టి, అరచేతులు బొబ్బలెక్కేదాక గుంజి కట్టిన్రు. వల బిగిసింది గని నా భయం పోలే. ఎగురుడు బంద్ జేసి, బంతిని మెల్లగ అవతలికి తోసేది. ఇగ ఆటనే మానేస్తనని చెప్పిన.

"ఏంది రా, పాలగిన్నె అందిచ్చినట్టు తోస్తున్నవ్? కొట్టు!"

"వలకు తగలకుండ కొడితే బయటికి పోతది సారూ."

"పోనీ. తెచ్చేతందుకు నేను లేనా?"

ఉత్తమాట గాదు. గా దినం నేను కొట్టినవన్నీ పక్క జొన్నచేన్లనే పడ్డయి. ఆ వయసుల సారు పంట్లాం మడిచి చేన్లకు పోయి, బంతి చంకల పెట్టుకొని నవ్వుకుంట వచ్చేటోరు. "మస్తు దూరం కొట్టినవ్ రా! ఇగ జెర దగ్గర కొట్టు" అని నా చేతికే ఇచ్చేటోరు. అప్పటిసంది ఎవరి బంతి బయటికి పోయినా సారే తెచ్చుడు. వేరేటోళ్లు ఉరికితే కోపం. నేను మల్ల మనిషినైన అంటే సారు పుణ్యమే.

మట్టి ఇచ్చి వచ్చినంక సారు ఇంటామె, "ఇయ్యాల ఆట ఆపకుండ్రి బిడ్డా, ఆయన ఊకోడు" అన్నది. ఆడినం. ఏడుపు ఆపుకోలేక బలమంత పెట్టి కొట్టిన. బంతి గీత దాటి జొన్నచేన్ల పడ్డది.

ఎవ్వరం ఉరకలే. కంకులు కాసేపు ఊగి ఆగినయ్. అందరం చేనుదిక్కే జూసుకుంట నిలబడ్డం.