మూడు విండోలకూ ఒకటే పేరు

సోమవారం సార్ మా ప్రాజెక్టు చూస్తారు. అది నడవకపోతే ముగ్గురం ఫెయిలవుతాం, అందుకే ఇప్పుడే ఈ ఫోరంలో రాస్తున్నాను. శ్రీలత, రాజన్న, నేను తలా ఒక కంప్యూటర్ విండో చేశాం. పేరును బట్టి వాటిని వెతికి, తెరమీద పక్కపక్కన పెట్టే ప్రోగ్రాం నాది. ఈ రోజు జనగామ నెట్‌ సెంటర్లో నడిపితే, ప్రతిసారీ ఒక్క విండోనే జరిపింది. చూస్తే, ఒకరికి తెలియకుండా ఒకరం మూడింటికీ "జై తెలంగాణ" అనే పేరే పెట్టాం!

"అన్నా, నీ దాని పేరు పక్కన జర రెండు అని చేర్చరాదు?" అన్నాను.

"రెండో తెలంగాణ ఏడుంది చెల్లే? ఉన్నది ఒక్కటే!" అన్నాడు రాజన్న.

"నన్నయితే అడగకు. నీదే మార్చుకో," అంది శ్రీలత.

గోడలమీది రాతల్లో చదువురాని మా బాపు గుర్తుపట్టేది ఆ రెండు మాటలే. వాటి పక్కన అంకె వేయబోతే నాకూ చెయ్యాడలేదు.

పేరుతో పనిలేకుండా విండోను పట్టుకునే దారి తెలిసినవాళ్లు దయచేసి ఆదివారం లోపు చెప్పండి.