కడియం తీయించి తీసుకున్న కొలత

ఈ సంగతిని రాసి ఉంచవలసిన అవసరం ఏర్పడింది. కృత్రిమ కాళ్లు అమర్చే మా కేంద్రంలో ప్రతి మనిషికీ ఒక కొలత కార్డు రాస్తారు. అందులో ఏడవ ప్రశ్న, "ఇంటి దగ్గర కాళ్లకు ఏమేమి వేసుకుంటారు?" ఆ ప్రశ్న అక్కడికి ఎందుకు వచ్చిందో తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాము. కారణం తెలియని నియమాన్ని రేపు ఎవరో ఒకరు అనవసరమని కొట్టివేస్తారు. అది జరగకూడదు.

2011వ సంవత్సరం, సెప్టెంబరు మాసం. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు జిల్లాలు కావు. అన్నీ వరంగల్ జిల్లాలోనివే. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె సాగుతున్నది. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు తెరవడం లేదు. భూపాలపల్లి గని కార్మికులు కూడా పని ఆపారు. కరెంటు ఎప్పుడు వచ్చేదీ ఎప్పుడు పోయేదీ ఎవరూ చెప్పలేని పరిస్థితి.

నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఇన్‌స్ట్రక్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ని. భార్య పోయిన తరువాత జనగామలో ఒక సేవాసంస్థ నడిపే ఈ కేంద్రానికి పర్యవేక్షకుడిగా వెళ్లాను. సేవాభావంతో వెళ్లానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఉదయం తొమ్మిదింటికి చేరవలసిన చోటు ఒకటి లేకపోతే మనిషి ఎట్లా కుంగిపోతాడో అనుభవించి, భయపడి వెళ్లాను. వెళ్లిన మొదటి వారంలోనే టోకెన్లు పెట్టాను, వరుస పెట్టాను, గోడకు నియమాల బోర్డు తగిలించాను. అందులో మూడవది: "కొలత సమయంలో కాళ్లకు ఎట్టి ఆభరణములు ఉండరాదు."

ఫిట్టర్ యాకయ్యది పాలకుర్తి. లారీ కింద కుడి కాలు పోయి, మా సంస్థలోనే కాలు పెట్టించుకుని, ఆ పనినే నేర్చుకున్నవాడు. చదువు ఏడవ తరగతి. ఆ చేతుల నేర్పు నేను పాఠం చెప్పిన వందల మంది విద్యార్థులలో ఒక్కరికీ లేదు.

పని గురించి రెండు మాటలు. తెగిన కాలి చివరి భాగాన్ని స్టంప్ అంటారు. దానికి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీస్తాము. ఆ అచ్చు మీదికి ఓవెన్‌లో మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టాన్ని దింపితే సాకెట్, అంటే స్టంప్ కూర్చునే గూడు, తయారవుతుంది. కింద రబ్బరు పాదం బిగిస్తాము. చివరిది అలైన్‌మెంట్. మనిషిని నిలబెట్టి, నడిపించి, బరువు రెండు వైపులా సమంగా పడేటట్టు పాదాన్ని సరిచేయడం.

మరిపెడ వైపు ఒక తండా నుంచి కమ్లీ అనే ఆమె భర్తతో కలిసి ఆటోలు మారి వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. పత్తి చేనులో పాము కరిచి, కుళ్లిన ఎడమ కాలిని మోకాలి కింద తీసివేశారు. కార్డు రాస్తూ, ఏ పని చేస్తావని అడిగాను.

"పత్తి ఏరుత సారు. ఇప్పుడు నేను కట్టె పట్టుకొని కూసున్న. బిడ్డ తొమ్మిది సదువుతది హాస్టల్ల. సమ్మెకు బడి బందయింది, ఇంట్ల ఉన్నది. మల్ల బడి తెరిచెటాల్లకు నేను నడిస్తె అది పోతది. నడవకుంటె నా పని అదే చెయ్యాలె, ఇగ బడి లేదు. సమ్మె ఎప్పుడు అయిపోతది సారు?"

"అది నా చేతిలో లేదమ్మా. కాలు మాత్రం నా చేతిలో ఉన్నది. ముందు ఆ కడియం తీయి."

ఉన్న కుడి కాలికి బొటనవేలంత లావు వెండి కడియం ఉన్నది. ఆమె కదలలేదు.

"తియ్యొద్దు సారు. మనిషి ఉన్నడు."

"మనిషి ఉన్నాడా లేడా అన్న గడి ఈ కార్డులో లేదు. నియమం అందరికీ ఒక్కటే."

భార్యాభర్తలు తమ భాషలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు అర్థం కాలేదు, అడగనూ లేదు. ఆమె మర విప్పి కడియం తీసి భర్త చేతికిచ్చింది. కరెంటు కోసం కాచుకుని, మరునాటికి కాలు పూర్తి చేశాము. ప్యారలల్ బార్స్ మధ్య, అంటే పట్టుకుని నడవడానికి వేసిన రెండు కమ్మీల మధ్య, ఆమె నడిచిన తీరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. "సంతృప్తికరం" అని రాసి సంతకం చేశాను.

వారం తరువాత భర్త ఫోను చేశాడు. "గట్టు మీద రెండుసార్లు పడ్డది సారు. ఇగ పెట్టుకోనంటున్నది. మల్ల కట్టె పట్టింది."

కార్డు తీసి "అభ్యాస లోపం" అని రాశాను. యాకయ్య అది చదివి కార్డును నా ముందుకు జరిపాడు.

"సారు, సూడకుండనే రాసినం."

"నడక బాగున్నది. నువ్వూ చూశావు."

"ఈడ సూసిన. ఆడ సూడలే."

"ఇళ్లకు వెళ్లడం మన పద్ధతి కాదు. ఆమెనే రమ్మను."

"ఆమె వచ్చెటందుకు బస్సు లేదు. మనం పోయెటందుకు నా బండి ఉన్నది. ఏది సులువో మీరే చెప్పుండ్రి, మీరు లెక్కల సారు."

అతని మోటారు సైకిలు వెనుక కూర్చున్నాను. పాలకుర్తి దాటిన తరువాత రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, జనం వంటావార్పు చేస్తున్నారు. నడిరోడ్డు మీదే వండుకు తినే నిరసన అది. ఒక యువకుడు బండి ఆపాడు. "ఒక రోగిని పరీక్షించుటకు వెళ్లవలసి ఉన్నది. దయచేసి దారి ఇవ్వండి" అన్నాను.

"అరె, సారు రేడియో లెక్క మాట్లాడుతున్నడురా! ఏ ఊరు సారు, బెజవాడనా?"

"జనగామ. మా తాతలదీ జనగామే."

"మరి గా మాటేంది?"

"పాఠం చెప్పీ చెప్పీ నోరు అట్లా తిరిగిందయ్యా."

అందరూ నవ్వారు. యాకయ్య ప్యాంటు మోకాలి దాకా లాగి, "సారు నోరు తర్వాత సూద్దురు, గీ కాలు సూడుండ్రి. గిసొంటి కాలు పెట్టుకున్న ఒక అక్క ఆడ పడిపోతున్నదట. బాగుచేయనీకి పోతున్నం" అన్నాడు. రాళ్లు పక్కకు జరిగాయి. కానీ తినకుండా పోనివ్వలేదు. "వంటావార్పు కాడికొచ్చి ఆకలితోని పోతె మా ఇజ్జత్ పోతది" అన్నారు. రోడ్డు మీద కూర్చుని పప్పన్నం తిన్నాను. అంతమంది జనం, ఒక్క కేక లేకుండా, వరుస తప్పకుండా కూర్చుని తిన్నారు. ఆ వరుసను ఏ బోర్డూ పెట్టించలేదు. బండి ఎక్కిన తరువాత చాలాసేపు దాన్ని గురించే ఆలోచించాను.

తండాలో కమ్లీని నడవమన్నాను. లోపం నాలుగు అడుగుల్లోనే కనిపించింది. కుడి కాలికి కడియం ఉన్నది. ఎడమ కాలికి, మేము గర్వంగా తేలికగా చేసి ఇచ్చిన కాలికి, ఏమీ లేదు. కుడి పాదం బరువుగా పడుతున్నది. ఎడమది గాలిలో పక్కకు ఎగురుతున్నది. ఒక అంచున బరువు ఎక్కువైన చక్రం ఎట్లా అదురుతుందో ముప్పై ఏళ్లు బోర్డు మీద గీసి చెప్పిన మనిషిని నేను. ఉత్త కాళ్లకు అలైన్‌మెంట్ చేసి, కడియంతో నడిచే మనిషికి ఇచ్చి పంపాను.

"కడియం తీసి నడువమ్మా" అన్నాను.

"జనగామల తీసిన సారు. పెద్దమనుషులు, కాలు ఇచ్చెటోళ్లు అని తీసిన. మల్ల పెట్టుకునెదాక నా పానం పానంల లేదు. ఈడ తియ్య."

భర్త నవ్వుతూ, "తియ్యరాదే, నేనేం సస్తలేను" అన్నాడు.

"నువ్వు సప్పుడు చేయకుండ కూసో. నీకోసమే గదా గీ లొల్లంత." భర్త బతికి ఉన్నంతకాలం ఆ కడియం తీయరాదన్నది వాళ్ల ఆచారమని అప్పుడు గ్రహించాను.

యాకయ్య మెల్లగా అడిగాడు. "అక్క, రెండో కాలిది ఏడున్నది?"

ఆమె లోపలికి వెళ్లి పెట్టెలోంచి గుడ్డ మూట తెచ్చింది. కాలు తీసేముందు దవాఖానలో విప్పి ఇచ్చిన కడియం. యాకయ్య దాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూసి, "దీన్ని మన కాలికి పెడుదాం సారు" అన్నాడు.

నేను వెంటనే ఒప్పుకోలేదు. అడుగున బరువు పెరిగితే పిస్టనింగ్ మొదలవుతుంది. అంటే అడుగడుగునా కాలు కిందికి జారి పైకి ఎక్కుతూ స్టంప్‌ను ఒరుస్తుంది. ఆ మాటే చెప్పాను. "అయితె తొడకు తోలు బెల్టు ఎక్కిద్దాం" అన్నాడు. వెంట తెచ్చిన పనిముట్ల సంచిలోని తోలు నేను కోశాను, అతను కుట్టాడు. కడియం ఒరుసుకోకుండా దాని కింద మెత్తని తోలు చుట్టాము. పాదాన్ని కొంచెం లోపలికి తిప్పి మళ్లీ బిగించాము.

ఆమె వాకిట్లో రెండు చుట్లు తిరిగింది. ఆ తరువాత మమ్మల్ని అడగకుండానే నేరుగా చేని గట్టు ఎక్కింది. కూతురు పరుగెత్తి చెయ్యి పట్టుకోబోయింది.

"నన్ను పట్టకు. పోయి పుస్తకాలు సదురుకో పో" అని కమ్లీ కసిరింది. గట్టు చివరి దాకా వెళ్లి, తిరిగి వచ్చింది. పడలేదు.

సమ్మె విరమించి బడులు తెరిచాక, పిల్లను హాస్టల్లో దిగబెట్టి వచ్చానని ఆమే ఫోను చేసి చెప్పింది. పత్తి ఏరే రోజుల్లో స్టంప్ పరీక్షించడానికి మళ్లీ వెళ్లాము. ఒడిలో పత్తితో సాలు నడుమ ఉన్నది, పని ఆపలేదు. "ఆడనే ఆగుండ్రి సారు, సాలు అయినంక వస్త. పత్తి తొక్కకుండ్రి" అన్నది. ఒక సాలు పూర్తయ్యేదాకా ఎండలో నిలబడ్డాను. అంతటి క్రమశిక్షణ గల మనిషి కోసం నిలబడడం నాకు గౌరవంగానే తోచింది.

క్రమం మీద నా విశ్వాసం ఈనాటికీ సడలలేదు. అయితే మనిషిని నియమానికి సరిపడేటట్టు విప్పి కొలిస్తే, ఆ కొలత ఆ మనిషిది కాదని కమ్లీ వల్లా యాకయ్య వల్లా తెలిసింది. కార్డులో ఏడవ ప్రశ్న అట్లా చేరింది. తొమ్మిదింటికి చేరడానికి ఒక చోటు కావాలని వెళ్లినవాణ్ని. ఆ తరువాత ఉదయాన్నే లేవడానికి గడియారం అవసరం లేకపోయింది.

ఇది జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది. తండా ఆచారాన్ని గురించి నేను తెలుసుకున్నది తక్కువ. కడియాన్ని గురించి తప్పు చెప్పి ఉంటే ఆ ఇళ్లవారే దిద్దాలి. మాటల్లో యాస చెడగొట్టి ఉంటే మరిపెడవారు దిద్దాలి. పనికి సంబంధించిన పొరపాట్లను ఫిట్టర్లు దిద్దాలి. పెద్దవాడినని మొహమాటపడవద్దు, ఆలస్యమూ చేయవద్దు. నా తప్పు నాకు తెలియడానికి వారం పట్టినందుకు ఒక మనిషి రెండుసార్లు గట్టు మీద పడింది.