ఫోటోల బండి మీద ముద్దలు

వేడి అన్నంలో కందిపొడి వేసి, దాని మీద కాగిన నెయ్యి పోస్తే ఒక వాసన లేస్తుంది. కాస్త వెల్లుల్లి, కాస్త వేగిన పప్పు, కాస్త కమ్మదనం. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ వాసన నా అరచేతిలో ఉండగా, మా అబ్బాయి శీను గడప మీద కూర్చుని ఫోను చూస్తూ పైకి చదువుతున్నాడు. సెలవుల్లో కూతురికి హైదరాబాదులో మ్యూజియం చూపించాలని వాడి ముచ్చట. మ్యూజియం చూశాక పిల్లాజెల్లాతో పోయి తినదగ్గ హోటళ్లంటూ ఎవరో పుణ్యాత్ములు రాసిపెట్టారట. ఒక్కో పేరే చదువుతున్నాడు. ఒక పేరు దగ్గర నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "పల్లె వాతావరణం, వాకిట్లో ఎడ్లబండి, పిల్లలకు ఎంతో అనువైన చోటు" అని ఉందట. పిల్లలకు అనువైన చోటు! ఆ మాట వినగానే కడుపులోంచి మంట లేచింది. ఇన్నేళ్లయినా ఆ మంట ఆరలేదు, ఆరాలని నేనూ కోరుకోలేదు. నాకు దాన్ని అంటించి పోయిన మనిషి ఖాజాబీ పిన్నమ్మ. మీరు ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను.

మార్కాపురంలో పలకల కార్ఖానాల వెనక సందులో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆమె భర్త పలకల లోడు లారీ తోలేవాడు. ఆయన పోయాక మిషను కుట్టుకుని బతికింది. కడుపున పిల్లలు పుట్టలేదు. అందుకు ఎవరైనా అయ్యో పాపమన్నారా, కుట్టే గుడ్డ మీదినుంచి తలెత్తి, "సందు నిండా తిరిగేటోళ్లు ఎవురు మరి, మేకలా?" అనేది. మధ్యాహ్నమైతే సందులో పిల్లలంతా ఆమె వసారాలో చేరేవాళ్లు. వెడల్పాటి సత్తు పళ్లెంలో అన్నం కుమ్మరించి, కందిపొడో గోంగూరో వేసి, తన చేత్తో మెత్తగా కలిపేది. పిల్లలు చుట్టూ కూర్చుని అరచేతులు చాపేవాళ్లు. వరసగా ఒక్కో చేతిలో ఒక్కో ముద్ద. వంతు తప్పేది కాదు. తన వంతు ఎప్పుడొస్తుందా అని చూసే ఆత్రంలోనే పిల్లలకు ఆకలి పుట్టేది.

మా శీనుకు అయిదో ఏట పచ్చకామెర్లు వచ్చాయి. జబ్బు తగ్గింది కానీ వాడికి అన్నమంటేనే పగ పుట్టింది. పళ్లెం చూస్తే చాలు, మొహం గోడకు తిప్పుకునేవాడు. వాడి ఎముకలు లెక్కపెట్టొచ్చు. నేను కంచం ముందు పెట్టుకుని బతిమాలేదాన్ని, బెదిరించేదాన్ని, ఆఖరికి నేనే ఏడ్చేదాన్ని. ఒకరోజు నా ఏడుపు విని ఆమె గోడ అవతల నుంచి కేకేసింది.

"రవణమ్మా, వాని ముందర పళ్లెం పెట్టబాక. ఒక్కనికే పళ్లెం పెట్టి నువ్వు గుడ్లప్పగించి చూస్తా ఉంటే, అది వానికి అన్నం గాదు, పరీక్ష. ఇట్ల పంపీ."

పంపాను. పిల్లల మధ్యలో కూర్చోబెట్టిందే కానీ వాణ్ని తినమనలేదు, వాడి వైపు చూడనుకూడా లేదు. వరస వాడి దగ్గరకు వచ్చినప్పుడు పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. వాడు చెయ్యి చాపాడు. ఆ రోజునుంచి వాడు తిన్నాడంటే ఆమె చేతి ముద్దే. వేరే పళ్లెంలో పెడితే ఒట్టు.

ఆమె కోపం నేను కళ్లారా చూసింది కంభంలో ఒక పెళ్లిలో. మొదటి బంతిలో తెలియక పిల్లలు కూర్చున్నారు. విస్తళ్లలో అప్పుడే వడ్డించారు. పెళ్లివారి తరఫు పెద్దాయన వచ్చి, "ఏయ్ పిల్లకాయలూ, లేయండి లేయండి, పెద్దోళ్లు కూచోవాల" అని ఒకడి రెక్క పట్టుకున్నాడు. ఎక్కడినుంచి వచ్చిందో, ఖాజాబీ పిన్నమ్మ బంతికి అడ్డంగా నిలబడింది.

"విస్తట్లో చెయ్యి పెట్టిన బిడ్డను లేపుతావా మామా? లేపు. నన్ను దాటుకోని పొయ్యి లేపు."

"నువ్వెవురమ్మా మధ్యలో?"

"పెండ్లికూతురి రవికె కుట్టినదాన్ని. ఎక్కువ మాట్లాడినావంటే ఇప్పుడే పొయ్యి కుట్లు ఊడబీకుతా. పెండ్లి యెట్ల చేస్తావో చూస్తా."

బంతంతా నవ్వింది. పెద్దాయన గొణుక్కుంటూ పోయాడు, పిల్లలు తిన్నారు. నేను మాత్రం స్తంభం చాటున కళ్లు తుడుచుకుంటున్నాను. నాకు కోపమొస్తే నోరు పెగలదు, కళ్లలో నీళ్లొస్తాయి. చిన్నప్పటినుంచీ అంతే. ఆమె చూసింది. "ఎందుకే దాచిపెట్టుకుంటావు? ఏడ్చేదానివి ఏడువు. మాట మాత్రం నిలబడి చెప్పు" అంది. ఆ మాట విన్నాను కానీ, అది నా పని కాదనుకున్నాను.

హైదరాబాదులో మా ఆయన తరఫు చుట్టాల ఇంట్లో గృహప్రవేశమైతే, మా ఇద్దరు పిల్లల్నీ మా అక్క పిల్లల్నీ వెంటేసుకుని యర్రగొండపాలెం మీదుగా బస్సులో పోయాం. శీను తిండి కోసం పిన్నమ్మనూ బతిమాలి తీసుకుపోయాం. వేడుక అయిన మర్నాడు మ్యూజియం చూద్దామన్నాడు మా ఆయన. ఆయన పలకల డిపోలో గుమాస్తా. మెత్తని మనిషి. ఎవరైనా గొంతు పెంచితే "గొడవెందుకులే" అంటాడు. ఆయన నోట్లో ఆ మాట రామనామం కన్నా ఎక్కువ పలికి ఉంటుంది.

మ్యూజియంలో కత్తులున్నాయి, బొమ్మలున్నాయి, గడియారాలున్నాయి. ఒక గదిలో అద్దాల పెట్టెలో, పైనుంచి దీపం వేసి, చల్ల చిలికే కవ్వం పెట్టారు. పిన్నమ్మ అద్దానికి చెయ్యానించి వంగి చూసింది.

"ఇదేందే రవణమ్మా, మొన్ననే గదా నా కవ్వం కడిగి మూలన పెట్టి వచ్చినా. నాకంటే ముందే ఇక్కడికెట్ల వచ్చినాది?"

కాపలా ఆయన పరుగున వచ్చాడు. "అమ్మా, ముట్టుకోవద్దు."

"అద్దాన్ని గదయ్యా ముట్టుకున్యా."

"అద్దం కూడా ముట్టుకోవద్దు."

అందరం నవ్వుకున్నాం. ప్రతి గదిలోనూ అదే మాట. ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు, కూర్చోవద్దు. మ్యూజియమంటే అంతేనని ఆమె కూడా చేతులు వెనక్కు కట్టుకుని నడిచింది. ఎండ తిరిగేసరికి శీను మెట్ల మీద కూలబడ్డాడు. పొద్దున వాడి కడుపులో పడ్డది గుక్కెడు పాలు. పెదాలు తెల్లబడి, పిలిస్తే పలకడం లేదు. ముందు వీడికి అన్నం పడాలని బయటికి పరుగెత్తాం.

రోడ్డు దాటితే ఆ హోటలు. వాకిట్లో రంగులేసిన ఎడ్లబండి, చూరుకు లాంతర్లు, తలుపు దగ్గర తలపాగా చుట్టి పంచె కట్టించి నిలబెట్టిన మనిషి. "కుటుంబ సమేతంగా రండి" అని బోర్డు. పిన్నమ్మ మొహం విప్పారింది. "అరే, మనూరి మాదిరే ఉండాదే" అంది. లోపల చల్లగా ఉంది. కూర్చోగానే మేనేజరు వచ్చి, ప్లేటు ఒక్కరికేనని, ఇద్దరు పంచుకోకూడదని చెప్పాడు.

"సరే నాయనా, మనిషికొక ప్లేటు తీసకరా. పిల్లోళ్లకు గూడా. నీకు నష్టమెందుకు" అంది పిన్నమ్మ.

అందరికీ ప్లేట్లు వచ్చాయి. శీను తన ముందున్న ప్లేటు చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె కొంగు బిగించి, పిల్లల ప్లేట్లలోని అన్నమంతా బల్ల మీదున్న పెద్ద పళ్లెంలోకి గుమ్మరించి, పొడీ నెయ్యీ వేసి కలపడం మొదలుపెట్టింది. పిల్లలు కుర్చీల మీద మోకాళ్లూని చేతులు చాపారు. పక్క బల్ల దగ్గరి వాళ్లు ముక్కు చిట్లించి మేనేజరును పిలిచారు. అతను వచ్చి చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మా, ఇక్కడ ఇలా చేత్తో కలిపి పెట్టకూడదండీ. స్పూన్లున్నాయి. ఎవరి ప్లేట్లో వాళ్లు తినాలి. పక్కవాళ్లు ఇబ్బంది పడుతున్నారు."

మనిషికొక ప్లేటు తెప్పించుకున్నాం కదా. అంటే వాళ్ల బాధ ప్లేటు కాదన్నమాట, ఆ చెయ్యి. మా సందులో పిల్లలందరినీ పెంచిన చెయ్యి. శీను వంతు వచ్చింది. వాడు అరచెయ్యి చాపాడు. ముద్ద ఆమె వేళ్లలో ఉంది. అప్పుడే మేనేజరు, "ఇది మార్చి తెస్తాను" అంటూ మధ్యలోనుంచి ఆ పళ్లెం లేపాడు. వాడు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కు లాక్కున్నాడు.

పిన్నమ్మ అతన్ని కిందినుంచి పైకి చూసింది. "పొద్దుటి నుంచి ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు అంటానే ఉండారు. అన్నం గూడా ముట్టుకోవద్దా?"

"పిన్నమ్మా, పోనీలే, గొడవెందుకు. లేయండి, పోదాం" అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను లేచాను. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. కారనిచ్చాను.

"ఆ పళ్లెం కింద పెట్టు. వీడు ఈమె చేతి ముద్ద తప్ప అన్నం ముట్టడని నీకు తెలుసునా? పొద్దుటి నుంచి అన్నం లేక ఇప్పుడు చెయ్యి చాపినాడు. చాపిన చేతిలో ముద్ద పడకముందే పళ్లెం లాక్కుంటివే! లాంతర్లు మావి పెట్టుకున్యారు, బండి మాది పెట్టుకున్యారు, మేము చేత్తో తింటే మాత్రం మీకు కంపా?"

హోటలంతా మా వైపే చూస్తోంది. మేనేజరు గొంతు తగ్గించాడు. "రూల్సమ్మా. నా చేతిలో ఏముంది?"

"నీ చేతిలో మా పళ్లెం ఉండాది. ఇట్లియ్యి" అంది పిన్నమ్మ.

అతను ఇవ్వలేదు, ఆమే తీసుకుంది. పళ్లెం నడుముకు ఆనించుకుని, "పాండి పిల్లకాయలూ" అని బయటికి నడిచింది. నేరుగా పోయి ఎడ్లబండి మీద కూర్చుంది. పిల్లలు కోతుల్లా ఎగబాకారు. గేటు దగ్గరి మనిషి తలపాగా సర్దుకుంటూ వచ్చాడు.

"అమ్మా, బండి ఎక్కకూడదు. అది ఫోటోలకు పెట్టింది."

"అయితే తియ్యి ఫోటో. బండంటే ఎక్కేదని అందరికీ తెలుస్తాది."

ఆ మనిషి నవ్వు ఆపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు. వరస మళ్లీ మొదలైంది. శీను దగ్గరికొచ్చింది. పిన్నమ్మ ముద్ద పట్టుకుని ఆగింది. వాడు చక్రం వైపు చూశాడు, కాళ్లు ఊపాడు, చెయ్యి చాపాడు. తిన్నాడు. మళ్లీ చాపాడు. లోపల బిల్లు కట్టి వచ్చిన మా ఆయన కాసేపు చక్రం పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. వరస చివరికొచ్చేసరికి ఆయన కూడా మెల్లిగా అరచెయ్యి చాపాడు. పిన్నమ్మ అందులో ఒక ముద్ద పెట్టింది. తర్వాత గేటు పక్క కొళాయి దగ్గర పళ్లెం తోమి, గేటు మనిషికి ఇచ్చి, "మీ సారుకు చూపీ, ఏమన్నా అంటుకోనుందేమో" అంది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆసుపత్రి వరుసలో ముసలమ్మను వెనక్కి నెట్టినప్పుడు, బస్సులో పిల్లతల్లిని లేపినప్పుడు నేను లేచి మాట్లాడతాను. ఇప్పటికీ కళ్లలో నీళ్లొస్తాయి. అయినా నిలబడే మాట్లాడతాను. ఆమె చలవే అది. కానీ ఆ హోటలు మీది కోపం మాత్రం అన్నిటికన్నా వేరు. బిడ్డ చాపిన చెయ్యి వెనక్కు లాక్కోవడం నేను చూశాను. దాన్ని మరచిపోతే తల్లినెట్లా అవుతాను?

"ఆ హోటలేనా?" అని శీనునడిగాను.

"బండుండే హోటలే గదమ్మా. నాకు బాగా గుర్తుండాది. ఖాజాబీ అవ్వ బండెక్కిచ్చి ముద్దలు పెట్టినాది. బలే ఉండె."

వాడికి గుర్తున్నది అంతే. పళ్లెం లాగేసిన సంగతి గుర్తులేదు. అంత మంటనూ ఆమె మింగి, పిల్లలకు బండి ఒక్కటే మిగిల్చింది. నేను అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు విన్నాడు. ఆ హోటలుకే ఫోను కలిపాడు.

"ఏమండీ, మేము ఊరినుంచి వస్తాం. మా అమ్మ ఒకటే పళ్లెంలో కలిపి, మా పాపకు చేత్తో ముద్దలు పెడతాది. పెట్టనిస్తారా?" అవతలివాళ్లు ఏదో అన్నారు. "స్పూన్లు గాదు సార్. చెయ్యి." మళ్లీ ఏదో అన్నారు. వాడు ఫోను పెట్టేసి, కింది పేరుకు కలిపాడు.

మనవరాలు నా మోకాలు తట్టింది. "జేజీ, నా వంతు." అరచెయ్యి చాపి ఎంతసేపటినుంచి కూర్చుందో. నా చేతిలో ఆగిపోయిన ముద్ద ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చేతిలో పెట్టాను.