ఇద్దరి మధ్య కుర్చీ

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో ఏదో వెతుకుతూ ఒక పాత మలయాళం సినిమా దగ్గర ఆగింది. వాన, బురద, బురదలో బంతి. "తాతా, సాకర్ మూవీ! సబ్‌టైటిల్స్ కూడా ఉన్నాయి, వాచ్ చేద్దామా?" అంది. తెర మీద ఆ గోల్‌కీపర్ మొహం చూడగానే గుర్తుపట్టాను. ఈ సినిమా నేను చూశాను. చూశానంటే చూశాను, అర్థమైందని మాత్రం ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

డెబ్భైల చివర్లో శాంటా క్లారాలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం, నేనూ, ఇద్దరు మలయాళీ మిత్రులూ. ఒకాయన బాగా పొడుగు, ఇంకొకాయనకి కళ్ళజోడు. చిన్నప్పటినుంచీ ఒకే జట్టుకి ఫుట్‌బాల్ ఆడి, ఇక్కడ ఒకే ఆఫీసులో చేరినవాళ్ళు. వంటింట్లో ఇద్దరూ మలయాళంలో మొదలుపెడితే నేను రేడియో కట్టేయాల్సిందే. ఒక్క ముక్క తెలియకపోయినా ఆ గోల లేనిదే నాకు అన్నం సయించేది కాదు. అలాంటిది ఒక శనివారం పార్కులో మ్యాచ్ ఆడి వచ్చి ఇద్దరూ మాటలు మానేశారు. ఎందుకని అడిగితే చెప్పరు. "టెల్ హిమ్, సాల్ట్ ఈజ్ ఓవర్" అని ఒకాయన నాతో అంటాడు, ఆ రెండో ఆయన పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాడు. ఇంట్లో మలయాళం ఆగిపోయింది. ఇది చాలదన్నట్టు పొడుగాయనకి వర్జీనియాలో ఉద్యోగం వచ్చింది, వచ్చే శనివారమే ప్రయాణం. ఇలాగే వెళ్ళిపోతే ఇక ఈ జన్మకి కలవరని నాకు భయం పట్టుకుంది.

ప్రయాణానికి ముందు ఆదివారమే ఒక కాలేజీ హాల్లో మలయాళీలు ఈ సినిమా వేస్తున్నారని తెలిసింది. ఫుట్‌బాల్, ఇద్దరు స్నేహితుల కథ అట. చూస్తే కరిగిపోతారనుకుని ఇద్దర్నీ లాక్కెళ్ళాను. పక్కపక్కన కూర్చోమంటే కూర్చోలేదు, మధ్య కుర్చీ నాకు వదిలారు. అప్పుడు సబ్‌టైటిల్స్ ఎక్కడివి! ఎడమ చెవిలో పొడుగాయన, కుడి చెవిలో కళ్ళజోడాయన.

"పాపం, గోల్‌కీపర్ ఇన్నోసెంట్. ఫ్రెండే చీట్ చేశాడు" అని ఎడమ చెవి.

"డోంట్ బిలీవ్ హిమ్. గోల్‌కీపరే కావాలని బాల్ వదిలేశాడు" అని కుడి చెవి.

అటు తల ఊపితే ఇటు కోపం. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఇంటర్వెల్లో సమోసా తింటూ లెక్క చూసుకుంటే నా దగ్గర రెండు సినిమాలున్నాయి, రెండూ సగం సగమే.

చివరికి మ్యాచ్ అయిపోయింది. ఖాళీ మైదానంలో, వానలో, ఆ ఇద్దరు ఆటగాళ్ళూ గోల్‌పోస్టుకి ఆనుకుని కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నా రెండు చెవుల్లోనూ చప్పుడు లేదు. "ఏమంటున్నారు?" అన్నాను. కళ్ళజోడాయన అద్దాలు తుడుచుకుంటున్నాడు. బయట పార్కింగ్ లాట్‌లో కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాను. వెనక నెమ్మదిగా ఒక మలయాళం మాట వినబడింది, దానికి ఇంకో మాట. కాసేపటికి పాత గోలే. నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. శనివారం పొడుగాయన్ని ఎయిర్‌పోర్టులో దింపింది కళ్ళజోడాయనే.

ఆ రోజు తెర మీదా, కారు దగ్గరా ఎంత పెద్ద మాటలు అనుకుని ఉంటారో అని ఇన్నేళ్ళూ ఊహించుకున్నాను. మొన్న ఆ ఘట్టం రాగానే కుర్చీ ముందుకి జరుపుకుని సబ్‌టైటిల్స్ చదివాను. "తిన్నావా?" అంటాడు గోల్‌కీపర్. "లేదు." "అమ్మ చేపల కూర చేసింది, పద." మిగతాదంతా వాన గురించీ, చిరిగిన బూటు గురించీ.

"బట్ తాతా, హూ వాజ్ రైట్?" అంది మనవరాలు. సినిమా అంతా చదివినా నాకూ తేలలేదు.

ఉండబట్టలేక కళ్ళజోడాయనకి ఫోన్ చేశాను. అసలు ఆ పోట్లాట దేనికి, పార్కింగ్ లాట్‌లో ఏం మాట్లాడుకున్నారు అని అడిగాను.

"నో ఐడియా, మ్యాన్. మస్ట్ ఆస్క్ హిమ్" అన్నాడు. అని ఆగిపోయాడు. పొడుగాయన పోయి అప్పటికి రెండేళ్ళు.

కాలం పోట్లాటని మరిపిస్తుందంటారు, నిజమే, మరిపించింది. కానీ నా ఎడమ పక్క కుర్చీని కూడా ఖాళీ చేసి, సినిమాని మళ్ళీ సగం చేసి పెట్టింది.