ఆరు సీసాల్లో ఒకే పుండు

ఏడేళ్లుగా మోస్తున్నాను. ఇప్పుడు బరువు కూడా తెలియడం లేదు, మనసు మొద్దుబారిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పశువుల దవాఖానాలో చిన్న ఉద్యోగిని. జూలూరుపాడు నుంచి అడవి అంచు దాకా తిరిగి టీకాలు వేయడం నా పని. ఏడేళ్ల కిందట పశువులకు గాలికుంటు జబ్బు వచ్చింది. నోళ్లు పుండ్లు పడి పశువులు మేత ముట్టలేదు. పరిశోధన చేసే మేడం ఒకావిడ ఆరు ఊళ్ల నుంచి ఆరు పశువుల పుండు పొరలు తెమ్మన్నారు. ఎందుకో కూడా ఓపిగ్గా చెప్పారు. వైరస్ జన్యువుల్లో మార్పులు వస్తూనే ఉంటాయి. చాలా మార్పులు దానికే చేటు, అవి నిలవవు. కానీ పైపొరను తయారుచేసే జన్యువు మారితే, టీకా వేసిన పశువు ఒంట్లోని రక్షణ ఒక్కోసారి దాన్ని గుర్తుపట్టదు. అలా గుర్తుపట్టకుండా తప్పించుకున్న వైరసే మిగిలి పెరుగుతుంది. ప్రకృతి ఎంపిక అంటే అదే. నాకు బాగానే అర్థమైంది. అర్థం కాలేదని తప్పించుకునే వీలు కూడా లేదు.

వాన. వాగు పొంగింది. నమూనాల డబ్బాలో ఐస్ కరుగుతోంది. జూలూరుపాడు పక్కన ఒక పెయ్య నాలుక మీది పొర తీసి, ఆరు ముక్కలు చేసి, ఆరు సీసాల్లో వేశాను. ఏన్కూరు, చండ్రుగొండ, వాగు అవతలి గూడెం... పేర్లు రాశాను. భయం వేసిందా? లేదు. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను.

ఆరింటిలోనూ జన్యువు ఒక్కటే అని తేలింది. తేలక ఏమవుతుంది? ఇక్కడ వైరస్ మారలేదు, పాత టీకాయే చాలు అని మేడం రాశారు.

మరుసటి ఏడు ఆ గూడెంలో మళ్లీ గాలికుంటు వచ్చి ముత్తమ్మ దూడ చచ్చింది. దుక్కి అదనుకు ఎడ్లు లేవలేదు. చేను బీడు పడింది.

"టీకా ఏసినంక గూడ గిట్లెట్లయింది సారూ?"

"టీకాల దినం అన్నిటినీ కట్టేసినవా ముత్తమ్మా? కొన్నిటిని అడవికి తోలినవేమో."

"అవ్ సారూ. తోలిన్నేమో. తప్పు నాదే."

మళ్లీ నమూనా పంపితే నా పాత మోసం బయటపడుతుందని పంపలేదు. కాబట్టి అక్కడ వైరస్ మారిందో, టీకాయే చెడిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. కానీ ఒకటి తెలుసు. టీకాల రోజు పొద్దున్నే వస్తానని చెప్పి నేను మధ్యాహ్నం వెళ్లాను. అప్పటిదాకా ఆమె ఒక్క పశువునూ మేతకు వదల్లేదు. ఆకలికి అరుస్తున్నవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని నిలబడింది. అన్నిటికీ నా చేత్తోనే సూది వేశాను.

ఇప్పటికీ టీకాలకు వెళ్తే ఆమె పక్కవాళ్లతో అంటుంది, "నా లెక్క జెయ్యకుండ్రి, అన్నిటిని కట్టేయుండ్రి" అని. నేను తల ఎత్తకుండా మందు సూదిలోకి ఎక్కించుకుంటాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా లేదు, వస్తుందని కూడా అనను. ఆమె తప్పు చేయలేదు. కనీసం ఒక కాగితం మీదైనా ఆ మాట ఉండాలనిపించింది.